తిమ్మమ్మ మర్రిమాను: తరచుగా అడిగే ప్రశ్నలు

కదిరిలో మా మేనమామగారి ఇల్లు ఉంది. ఆ ఒక్క కారణంతో తిమ్మమ్మ మర్రిమాను చూడాలనుకునే బంధువులు, స్నేహితులు, వాళ్ల స్నేహితులు అందరూ నాకే ఫోను చేస్తారు. శివరాత్రి దగ్గర పడితే రోజుకు ఇద్దరు ముగ్గురు. అందరివీ దాదాపు అవే సందేహాలు. చెప్పిందే చెప్పి విసుగు పుట్టి, ఒకసారి రాసి పెడితే పోతుందని కూర్చున్నాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లి చదువుకోండి.

## బయలుదేరే ముందు

ఈ చెట్టు ఏ జిల్లాలో ఉంది? ఒకరు అనంతపురం అంటారు, ఇంకొకరు సత్యసాయి అంటారు.

ఇద్దరిదీ తప్పు కాదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో కొత్త జిల్లాలు ఏర్పడేదాకా అది అనంతపురం జిల్లా. అప్పటి నుంచి పుట్టపర్తి కేంద్రంగా ఉన్న శ్రీ సత్యసాయి జిల్లా. చెట్టు ఉన్న ఊరు గూటిబయలు, మండలం నంబులపూలకుంట. ఎన్.పి.కుంట అంటేనే ఎవరికైనా తెలుస్తుంది. పాత పుస్తకాల్లో, పాత బోర్డుల మీద అనంతపురం అనే కనిపిస్తుంది కాబట్టి కంగారు పడవద్దు. చెట్టు ఎక్కడికీ వెళ్లలేదు.

కదిరి నుంచి ఎలా వెళ్లాలి? రైలు ఉందా?

రైలు కదిరి దాకానే. ధర్మవరం–పాకాల మార్గంలో కదిరి స్టేషను వస్తుంది. బెంగళూరు నుంచి రోడ్డు మీద వచ్చేవారికి కదిరి సుమారు 150 కిలోమీటర్లు. కదిరి నుంచి చెట్టు దగ్గరికి పాతిక, ముప్పై కిలోమీటర్ల దూరం బస్సులోనో, ఆటోలోనో, సొంత బండి మీదనో వెళ్లాలి. బస్సులో వెళ్లేవాళ్లు దిగగానే తిరుగు బస్సు వేళ కనుక్కోవడం మంచిది. భోజనం, మంచినీళ్లు కదిరిలోనే చూసుకోండి. ఎలాగూ కదిరి దాకా వస్తారు కాబట్టి లక్ష్మీనరసింహస్వామి దర్శనం కూడా చేసుకోవచ్చు. ఖదిరం అంటే చండ్ర చెట్టు, ఆ చెట్టు పేరే ఊరి పేరు అయిందని ఇక్కడివారు అంటారు. అదే నిజమైతే ఒక చెట్టు పేరు పెట్టుకున్న ఊరి మీదుగా ఇంకో చెట్టును చూడబోతున్నారన్నమాట.

దారిలో వేరుసెనగ చేలు, రాళ్ల గుట్టలు దాటాక ఒక విచిత్రం కనిపిస్తుంది. ఈ మండలంలోనే పెద్ద సౌర విద్యుత్ పార్కు ఉంది. ఎకరాల కొద్దీ నల్లని పలకలు ఎండను పట్టుకుంటూ ఉంటాయి. ఆకులతో అదే పని చేసే చెట్టు కూడా అదే మండలంలో ఉంది. తేడా ఏమిటంటే, చెట్టు కింద మనం కూర్చోవచ్చు.

పిల్లలమర్రి, ఇదీ ఒకటేనా?

కాదు. పిల్లలమర్రి తెలంగాణలో, మహబూబ్‌నగర్ పట్టణానికి నాలుగైదు కిలోమీటర్ల దూరంలో ఉన్న వేరే మర్రి. దాని వయసు ఏడు వందల ఏళ్లని చెబుతారు. ఇంకో చిక్కు కూడా ఉంది. సూర్యాపేట దగ్గర పిల్లలమర్రి అనే ఊరుంది. అక్కడ చూడవలసినవి కాకతీయుల కాలపు గుళ్లు. పటంలో పేరు చూసి మర్రి కోసం సూర్యాపేట వెళ్లి, శివాలయాలు చూసి వచ్చినవారు మా చుట్టాల్లోనే ఉన్నారు. నష్టపోలేదనుకోండి, ఆ శిల్పాలు అంత బాగుంటాయి.

శివరాత్రికి వెళ్లడం మంచిదా, మామూలు రోజుల్లోనా?

మీరు దేని కోసం వెళుతున్నారు? మొక్కుబడి ఉంటే, జాతర చూడాలని ఉంటే శివరాత్రికే వెళ్లండి. ఆ రోజు అది చెట్టులా ఉండదు, ఒక ఊరు అయిపోతుంది. చెట్టును చూడడమే పని అయితే వానలు వెనకబట్టాక, కార్తీకం నుంచి సంక్రాంతి లోపల, వారం మధ్యలో, పొద్దున్నే వెళ్లండి. ఎండాకాలంలో నీడ కింద బాగానే ఉంటుంది. కానీ ఆ నీడ దాకా చేరేసరికి ప్రాణం పోతుంది.

చూడడానికి ఎంతసేపు పడుతుంది?

చెట్టు ముందు నిలబడి ఫొటో తీసుకొని వచ్చేయడానికి పదిహేను నిమిషాలు చాలు. ఆ మాత్రానికి ఇంత దూరం రావలసిన పని లేదు. నెమ్మదిగా చుట్టూ తిరిగి, లోపల ఒక చోట కూర్చొని, పైకి చూస్తూ ఒక కొమ్మ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతున్నదో వెతకడానికి కనీసం రెండు గంటలు పెట్టుకోండి. పెద్దవాళ్లు నడవలేకపోయినా ఫరవాలేదు, నీడలో కూర్చోబెట్టండి. ఎండ పొడలు నేల మీద ఒక చోట నుంచి ఇంకో చోటికి జరుగుతుంటే వాళ్లకు పొద్దు తెలియదు.

## చెట్టు కింద నిలబడ్డాక

ఇది నిజంగా ఒకే చెట్టా? నాకు తోపులాగా కనిపించింది.

మొదటిసారి చూసిన ప్రతి ఒక్కరూ అడిగే ప్రశ్న ఇది. అడగకపోతేనే ఆశ్చర్యపోవాలి.

మర్రి కొమ్మ పక్కకు సాగుతుంది. సాగే కొద్దీ బరువు పెరుగుతుంది. ఆ కొమ్మ నుంచి జడపాయల్లా సన్నని వేళ్లు కిందికి వేలాడతాయి. వాటినే ఊడలు అంటాం. గాలిలో వేలాడినంత కాలం అవి తాళ్లంత సన్నగానే ఉంటాయి. కొస నేలను తాకి మట్టిలోకి దిగిందా, ఇక దాని పని మారిపోతుంది. నీరు, లవణాలు పైకి పంపుతూ తాను లావెక్కుతుంది. కొన్నేళ్లకు బెరడు గట్టిపడి అసలు మాను ఏదో, ఊడ ఏదో పోల్చుకోలేనంతగా తయారవుతుంది. ఇప్పుడు ఆ కొమ్మకు కింద ఒక స్తంభం దొరికింది. కాబట్టి ఇంకా ముందుకు సాగుతుంది, ఇంకో ఊడ దించుతుంది. మీకు తోపులా కనిపించిన ప్రతి మానూ ఇలా పైనుంచి కిందికి పెరిగిందే. తలెత్తి చూస్తే కొమ్మలన్నీ ఒకదానితో ఒకటి కలిసి ఉండడం తెలుస్తుంది.

మన పూర్వులు ఈ సంగతి గమనించే పేరు పెట్టారు. సంస్కృతంలో మర్రిని న్యగ్రోధం అంటారు, కిందికి పెరిగేది అని అర్థం. అమరకోశం దానికే బహుపాత్ అనే మాట కూడా ఇచ్చింది, అంటే చాలా కాళ్లున్నది. వృక్షశాస్త్రం చెప్పే సంగతి ఈ రెండు మాటల్లోనే ఉంది.

మొట్టమొదటి మాను ఏది? అది ఇంకా బతికే ఉందా?

ఇంత వయసు మళ్లిన మర్రికి తల్లి మాను అవసరం తీరిపోతుంది. కోల్‌కతా పక్కనే హౌరాలోని ఆచార్య జగదీశ్ చంద్రబోస్ వృక్షశాస్త్ర ఉద్యానంలో ఉన్న మహా మర్రి సంగతే చూడండి. 1864లో, 1867లో వచ్చిన తుఫానులకు దెబ్బతిని, ఆ గాయాల నుంచి బూజు తెగులు పట్టి తల్లి మాను కుళ్లింది. 1925లో దాన్ని తీసివేశారు. వందేళ్లు గడిచాయి, చెట్టు ఇంకా పెరుగుతూనే ఉంది. బెంగళూరు దగ్గరి దొడ్డ ఆలద మర అనే పెద్ద మర్రికీ తల్లి మాను లేదు. కాబట్టి గూటిబయలులో ఇదే మూలమని ఎవరైనా వేలు పెట్టి చూపిస్తే వినండి, కానీ అది ఉన్నా లేకపోయినా చెట్టుకు పెద్ద తేడా లేదని గుర్తుంచుకోండి. మొదటి మానుదీ, నిన్న నేల తాకిన ఊడదీ ఒకే ప్రాణం.

ఊడలకు వెదురు బద్దలు ఎందుకు కడతారు?

నేల తాకని ఊడలకు దారి చూపించడానికి. వెదురును చీల్చి, లేత ఊడను దాని మధ్యలో పెట్టి, మట్టీ ఎరువూ నింపి, తిరిగి కట్టి కొసను నేల దాకా తెస్తారు. ఊడ అలా చీకట్లో, తడిలో, పశువుల నోటికి అందకుండా నేలలోకి దిగుతుంది. దిగాక వెదురు పని అయిపోయినట్టే. ఊడ దిగకముందే బరువెక్కిన కొమ్మలకు స్తంభాలు ఆనిస్తారు.

నన్నడిగితే అక్కడ చూడవలసిన అసలు విశేషం ఇదే. ఎత్తైన కొమ్మ నుంచి బయలుదేరిన ఊడ తనంతట తాను నేల దాకా రావడానికి ఏళ్లు పడుతుంది. ఈలోగా మేకలు కొరుకుతాయి, పిల్లలు పట్టుకొని ఊగుతారు, గాలికి తెగుతుంది. అటవీ శాఖ కింద పనిచేసే కూలీలు ఏ ఊడను దించాలి, ఏ కొమ్మకు ఆనిక కావాలి అని చూసుకుంటూ ఉంటారు. చెట్టు అందరికీ కనిపిస్తుంది, ఆ వెదురు కట్టు కట్టిన చెయ్యి మాత్రం ఏ ఫొటోలోనూ ఉండదు.

మర్రికి పువ్వే ఉండదట. మరి కాయ ఎలా కాస్తుంది?

పువ్వు ఉంటుంది, కాయ లోపల ఉంటుంది. మర్రిపండు అని మనం పిలిచే ఎర్రని గుండు నిజానికి లోపలికి ముడుచుకున్న పూలగుత్తి. దాని కొసన చిన్న రంధ్రం. చీమ తలంత ఉండే ఒక జాతి కందిరీగ పుప్పొడి మోసుకొచ్చి ఆ ఇరుకు దారిలో రెక్కలు విరిగిపోయినా దూరుతుంది. లోపల పూలకు పుప్పొడి అంటించి, కొన్నింటిలో గుడ్లు పెట్టి అక్కడే చచ్చిపోతుంది. పిల్లల్లో మగవాటికి రెక్కలే ఉండవు. అవి కాయలోనే పుట్టి, ఆడవాటితో జతకట్టి, బయటికి దారి తొలిచి, అక్కడే ముగిసిపోతాయి. ఆడవి పుప్పొడితో ఎగిరి ఇంకో చెట్టును వెతుక్కుంటాయి. ఈ పురుగు లేకపోతే మర్రికి విత్తనం లేదు, మర్రి లేకపోతే ఈ పురుగుకు ఇల్లు లేదు. మేడిపండులో పురుగులున్నాయని మనం ముక్కు మూసుకుంటాం గానీ, మేడికీ మర్రికీ వంశం నిలిపేది ఆ పురుగులే.

పక్షులు ఈ చెట్టు మీద రాత్రి ఉండవని విన్నాను. నిజమేనా?

ఈ మాట నాతోనూ కొందరు అన్నారు. నమ్మకం మీ ఇష్టం. పండ్ల కాలంలో వెళ్లి, మర్రి కింద నేల చూడండి. పిట్టలు కొరికి వదిలిన పండ్లు, రెట్టలు మీకే సమాధానం చెబుతాయి. అసలు ఏ మర్రి అయినా మొలకెత్తేది పిట్ట పుణ్యాన. పిట్ట తిని వేసిన గింజ తాటిచెట్టు మొవ్వులోనో, పాత గోడ పగులులోనో పడి మొలుస్తుంది.

పిల్లలు లేనివారు మొక్కుకుంటే సంతానం కలుగుతుందని అంటారు. అక్కడ ఏం చేయాలి?

చెట్టు కింద తిమ్మమ్మకు చిన్న గుడి ఉంది. దంపతులు అక్కడ పూజ చేసి మొక్కుకుంటారు. ఏడాది తిరక్కుండా బిడ్డ పుడుతుందని నమ్మకం. ఎన్నో ఊర్ల నుంచి ఆ నమ్మకంతోనే వస్తారు, వారిని తక్కువ చేసే హక్కు నాకు లేదు. ఒక్క మాట మాత్రం చెబుతాను. మొక్కుకున్నా వైద్యుడి దగ్గరికి వెళ్లడం మానవద్దు. మొక్కుకోవడానికి ఇద్దరూ కలిసి ఎలా వెళతారో పరీక్షలకూ ఇద్దరూ కలిసే వెళ్లండి. మా వైపు ఇప్పటికీ ఆడవాళ్లను ఒక్కరినే పంపే అలవాటు పోలేదు, అందుకే చెప్పవలసి వచ్చింది.

ఊడకు గుడ్డ కట్టవచ్చా? గుర్తుగా పేరు చెక్కవచ్చా?

చెక్కకూడదు. బెరడు కింద పలచని పొరలోనే చెట్టు ఆహారం ప్రయాణం చేస్తుంది. పేరు చెక్కితే ఆ దారి తెగుతుంది, పాలు కారుతాయి, గాయంలోంచి బూజు, చెదలు లోపలికి వెళతాయి. మేకులు కొట్టినా అంతే. బిగించి కట్టిన ప్లాస్టిక్ దారం ఊడ లావెక్కే కొద్దీ కోసేస్తుంది. కర్పూరం వెలిగించేది గుడి దగ్గరే, వేరు మీద కాదు. లేత ఊడలు పట్టుకొని ఊగవద్దని పిల్లలకు బండి దిగకముందే చెప్పండి. దిగాక వాళ్లు వినరు.

## తిమ్మమ్మ కథ గురించి

తిమ్మమ్మ ఎవరు?

స్థానికంగా చెప్పుకునే కథ ఇది. బుక్కపట్నానికి చెందిన శెన్నక్క వేంకటప్ప, మంగమ్మ దంపతులకు 1394లో తిమ్మమ్మ పుట్టింది. బాలవీరయ్యకు ఇచ్చి పెళ్లి చేశారు. భర్తకు పెద్ద జబ్బు చేసింది. ఎంత సేవ చేసినా బతకలేదు. 1434లో ఆయన చనిపోతే తిమ్మమ్మ చితి ఎక్కింది. చితికి పాతిన గుంజల్లో ఒకటి చిగురించి ఈ మాను అయింది.

కథలోని సంవత్సరాలను విజయనగర చరిత్ర పక్కన పెట్టి చూస్తే అది రెండో దేవరాయల కాలం. సతి ఆనాడు ఈ ప్రాంతానికి కొత్త కాదు. అంతకు కొన్నేళ్ల ముందు విజయనగరానికి వచ్చిన ఇటలీ యాత్రికుడు నికోలో కాంటి ఆ ఆచారం గురించి రాశాడు. సతి రాళ్లు రాయలసీమ పొలాల్లో ఇప్పటికీ దొరుకుతాయి. అలా చనిపోయిన స్త్రీలను పేరంటాళ్లుగా కొలవడం తెలుగు నేల అంతటా ఉండేది. తిమ్మమ్మ అలాంటి పేరంటాలే. మిగతావారికి రాయి మిగిలింది, ఈమెకు చెట్టు మిగిలింది.

చితి గుంజ చిగురించడం సాధ్యమా? కట్టుకథ కదా?

నేనూ అలాగే అనుకునేవాణ్ని. కానీ మర్రి విషయంలో అది అంత అసాధ్యం కాదు. మర్రి కొమ్మను నరికి పచ్చిగా ఉండగానే పాతితే వేళ్లు పుట్టి చిగురిస్తుంది. రోడ్ల పక్కన మర్రులు నాటిన పాతకాలపు వాళ్లు మనిషి ఎత్తు కొమ్మలనే పాతేవారు. మంట అంటని గుంజ, అదీ పచ్చి మర్రిది అయితే, తర్వాత వానలకు చిగురు వేయవచ్చు. అలా జరిగిందనడానికి ఇది రుజువు కాదు. కథ అల్లినవారికి మర్రి స్వభావం బాగా తెలుసు అనడానికి మాత్రం రుజువే.

సతిని పూజించడం తప్పు కాదా? పిల్లలకు ఏమని చెప్పాలి?

ఉన్నది ఉన్నట్టు చెప్పండి. భర్త పోతే భార్య బతకకూడదని అనుకున్న రోజులు ఉండేవని, అది ఘోరమని, 1829లో బెంగాల్‌లో, 1830లో మద్రాసు ప్రెసిడెన్సీలో దాన్ని నిషేధించారని చెప్పండి. 1987 నాటి చట్టం ప్రకారం సతిని కీర్తించడం కూడా నేరమే. చెట్టును చూసి అబ్బురపడడానికి ఆమె చావును మెచ్చుకోవలసిన పని లేదు. మా మేనకోడలు పదేళ్లప్పుడు ఆ కథ విని, "ఆమె బతికి ఉంటే చెట్టును తనే నాటేది కదా మామయ్యా" అంది. ఇప్పటిదాకా అంతకంటే మంచి సమాధానం నాకు దొరకలేదు.

## ఇంటికి వచ్చి వాదించుకునేటప్పుడు

వయసు 550 ఏళ్లా, 600 ఏళ్లా? వలయాలు లెక్కపెట్టి చెప్పలేరా?

1434 నుంచి లెక్కపెడితే ఆరు వందలకు కొద్దిగా తక్కువ. ఆ సంవత్సరం కథ ఇచ్చినదే తప్ప చెట్టు ఇచ్చినది కాదు. చలిదేశాల చెట్లలో ఏడాదికో వలయం స్పష్టంగా పడుతుంది. ఉష్ణదేశాల్లో, అందులోనూ మర్రిలో, అలా నమ్మదగినట్టు పడదు. పైగా మీరు కొలిచే మాను వందేళ్ల కిందట దిగిన ఊడ కావచ్చు. మీరు చెప్పే వయసు చెట్టుది కాదు, ఆ కాలుది.

ప్రపంచంలో అన్నిటికంటే పెద్ద చెట్టు ఇదేనా? కోల్‌కతావాళ్లు తమదే అంటారు.

ఎత్తులో, కలప పరిమాణంలో అమెరికా చెట్ల ముందు ఇది నిలవదు. కొమ్మలు పరచుకున్న విస్తీర్ణంలో మాత్రం దీనిదే పైచేయి. గూటిబయలు మర్రి నీడ 19,107 చదరపు మీటర్లు, అంటే 4.7 ఎకరాలు. హౌరా మర్రిది 18,918 చదరపు మీటర్లు. తేడా 189 చదరపు మీటర్లు, మన లెక్కలో నాలుగున్నర సెంట్ల పైచిలుకు. ఒక ఇంటి స్థలం! దాని కోసం రెండు రాష్ట్రాలవాళ్లు కొట్టుకోవడం నవ్వు తెప్పిస్తుంది. ఒక గట్టి గాలివానకు ఆ తేడా పోవచ్చు. 2020లో అంఫాన్ తుఫానుకు హౌరా మర్రి దెబ్బతిన్నది కూడా.

ఎనిమిది ఎకరాలు, ఐదు ఎకరాలు అని రకరకాల అంకెలు వినిపిస్తే బెదరవద్దు. కొందరు కొమ్మల నీడను కొలుస్తారు, కొందరు చెట్టు చుట్టూ ఉన్న స్థలం అంతటినీ కలిపి చెబుతారు.

గిన్నిస్ పుస్తకంలోకి ఎవరు ఎక్కించారు?

బెంగళూరుకు చెందిన పాత్రికేయుడు, ఫొటోగ్రాఫర్ సత్యనారాయణ అయ్యర్ ఈ చెట్టును బయటి ప్రపంచానికి చూపించారు. 1989లో గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. ఆయనను అందరూ రిగ్రెట్ అయ్యర్ అంటారు. పత్రికలు ఆయన రచనలను "విచారిస్తున్నాం" అంటూ తిప్పి పంపితే, ఆ ఉత్తరాలను పోగుచేసి, ఆ మాటనే తన పేరుకు ముందు తగిలించుకున్న మనిషి. ఊరివారు మాత్రం ఆయన రాకముందు ఐదు వందల ఏళ్లుగా చెట్టును చూస్తూనే ఉన్నారు.

పిల్లలమర్రికి సెలైన్ ఎక్కించారట. చెట్టుకు సెలైన్ ఏమిటి?

2017 డిసెంబరులో పిల్లలమర్రి పెద్ద కొమ్మ ఒకటి విరిగిపడింది. చూస్తే చెదలు లోపలంతా తొలిచేశాయి. సందర్శకులను ఆపేశారు. 2018లో అటవీ శాఖ చెదల మందును నీళ్లలో బాగా పలచన చేసి, ఆసుపత్రిలో రోగికి ఎక్కించినట్టు, సీసాలు వేలాడదీసి కొమ్మల్లోకి చుక్క చుక్కగా పంపింది. వందల సీసాలు వేలాడుతున్న ఆ ఫొటోలు దేశమంతా చూసింది. ఊడలకు గొట్టాలు తొడిగారు, కొమ్మలకు స్తంభాలు కట్టారు. ఏళ్ల తరబడి మూసి ఉంచిన ఆ చోటుకు మళ్లీ జనం వస్తున్నారు. 2025 మే నెలలో ప్రపంచ సుందరి పోటీదారులు కూడా వెళ్లి చూసివచ్చారు. చెట్టు కింది మట్టిని వేల పాదాలు తొక్కితే వేళ్లకు గాలి, నీరు అందవు. నీరసించిన చెట్టుకే చెదలు తొందరగా పడతాయి. గూటిబయలు మర్రికీ ఈ ముప్పు లేకపోలేదు, పైగా ఆ చోటు దేశంలోనే వాన అతి తక్కువగా పడే ప్రాంతాల్లో ఒకటి.

బోధివృక్షం అంటే మర్రేనా?

కాదు, రావి. రెండూ ఒకే కుటుంబం. ఆకు కొసన పొడవాటి తోక ఉంటే రావి, ఆకు దళసరిగా, గుండ్రంగా ఉండి ఊడలు దిగితే మర్రి. అమరావతి శిల్పాల్లో పూజలందుకునేది రావి. దేశ జాతీయ వృక్షం మర్రి.

ఆ చెట్టు నుంచి కొమ్మ తెచ్చి మా ఇంట్లో నాటుకోవచ్చా?

తేవద్దు, నాటవద్దు. అక్కడ కొమ్మ విరవడం తప్పు. ఇంటి దగ్గర మర్రి నాటితే పునాది, ప్రహరీ, నీళ్ల తొట్టి ఏదీ మిగలదు. అంతగా కోరిక ఉంటే మీ ఊరి చెరువుగట్టు మీదనో, బీడు భూమిలోనో, పంచాయతీని అడిగి నర్సరీ మొక్క నాటండి. చుట్టుపక్కల యాభై అడుగుల లోపు కరెంటు తీగ లేకుండా చూసుకోండి. మొదటి మూడేళ్లు మేకల నుంచి కంచె, రెండు వేసవులు నీళ్లు. ఆ తర్వాత అది మిమ్మల్ని ఏమీ అడగదు. ఊడలు దిగడం మొదలయ్యాక మాత్రం వెదురు బద్దలు కట్టడానికి ఎవరో ఒకరు ఉండాలి.